రాంగ్ రీజియన్: ఆడని డిస్కు వెనుక చరిత్ర

ఇంట్లోని ప్లేయరులో సినిమా డిస్కు పెట్టినప్పుడు అది ఆడకపోతే తెర మీద కనిపించే మాటలు ఇంచుమించు మూడు రకాలు. "నో డిస్క్" అన్నది ఒకటి. "బ్యాడ్ డిస్క్" అన్నది రెండవది. "రాంగ్ రీజియన్" అన్నది మూడవది. యంత్రాన్ని బట్టి మాటలు కొంచెం మారవచ్చును గాని, భావం మారదు. మొదటిది చూపు ఆనకపోవడం. రెండవది భాష తెలియకపోవడం. మూడవది, చూపూ భాషా రెండూ ఉండి కూడా, గుమ్మం దగ్గర ఆపివేయడం. ఫలితం మూడింటికీ ఒక్కటే: సినిమా రాదు. కాని కారణం వేరైనప్పుడు వైద్యమూ వేరవుతుంది. అంతకంటె ముఖ్యంగా, మొదటి రెండూ వస్తుధర్మం వల్ల వచ్చిన చిక్కులు. మూడవది మనుషులు కూర్చొని, ఆలోచించి, కావాలని పెట్టిన చిక్కు. ఈ భేదాన్ని చరిత్ర సాయంతో విప్పి చెప్పాలన్నదే ఈ టపా ఉద్దేశం.

తెలుగు పండితునికి ఈ యంత్రాల గొడవ ఎందుకని మిత్రులు అడగవచ్చు. ఒక గ్రంథం ఒక ప్రతిలో చదవడానికి వచ్చి, మరో ప్రతిలో ఎందుకు రావడం లేదు అన్న విచారణ మా చదువులో భాగమే. తాళపత్రం పురుగు తిన్నదా, లిపి తెలియనిదా, లేక ఆ పెట్టె తాళంచెవి ఇంకొకరి దగ్గర ఉన్నదా? డిస్కు విషయంలో అడగవలసిన ప్రశ్నలూ ఇవే.

మొదట చూపు సంగతి. ఫిలిప్స్, సోనీ సంస్థలు కలిసి రూపొందించిన కాంపాక్ట్ డిస్కు 1982లో బజారుకు వచ్చింది. అడ్డుకొలత 120 మిల్లీమీటర్లు. ఆడే కాలం 74 నిమిషాలు. దాని మీద గుంటల వరుస లోపలి నుండి బయటికి సర్పిలంగా చుట్టుకొని ఉంటుంది. ఆ చుట్టను విప్పి సాగదీస్తే ఐదు కిలోమీటర్లు దాటుతుంది. మా నల్లగొండవారికి అర్థమయ్యేలా చెప్పాలంటే, గడియారం సెంటరులో మొదలుపెడితే పానగల్లు పచ్చల సోమేశ్వరాలయం దాటి ఇంకా ముందుకు పోతుంది. ఇంత పొడవైన దారిలో ఒక దుమ్ము కణమో, గీతో అడ్డుపడకుండా ఉండదు. అయినా డిస్కు ఆడుతుందంటే దానికి కారణం 1960లో ఇర్వింగ్ రీడ్, గుస్టావ్ సాలమన్ అనే ఇద్దరు గణితజ్ఞులు ప్రతిపాదించిన ఒక సంకేత పద్ధతి.

ఆ పద్ధతి సారం పద్యం తెలిసినవారికి కొత్త కాదు. ఉత్పలమాలలో ఒక అక్షరం జారిపోతే గణం చెడుతుంది. యతిస్థానంలో తప్పు దొర్లితే మైత్రి కుదరదు. ప్రాస పోతే రెండో అక్షరమే చాటి చెబుతుంది. లేఖకుడు చేసిన తప్పును పరిష్కర్త పట్టుకొనేది, చాలాసార్లు సరిదిద్దేది, ఈ నియమాల బలంతోనే. వచనంలో ఒక మాట పోతే పోయినట్లే. పద్యంలో పోతే పోయిన చోటు తెలుస్తుంది. డిస్కులోనూ అంతే. అసలు సమాచారంతోపాటు, దానిని సరిచూసుకొనే అదనపు అంకెలను కూడా కలిపి, దూరదూరంగా చెదరగొట్టి రాస్తారు. చిన్న గీత వల్ల కొంత సమాచారం పోయినా ప్లేయరు లెక్క కట్టి పూరించుకుంటుంది. రెండున్నర మిల్లీమీటర్ల దాకా పాడైన భాగాన్ని కూడా సీడీ పూడ్చుకోగలదు. అది దాటినప్పుడే పాట ఎగిరిపడుతుంది, బొమ్మ గళ్లుగళ్లుగా విరుగుతుంది.

అందుచేత తుడిచేటప్పుడు గుండ్రంగా తిప్పి తుడవరాదు. గుండ్రంగా పడిన గీత ఒకే వరుసను చాలా దూరం నాశనం చేస్తుంది. నడుమ నుండి అంచుకు పడిన గీత ఒక్కో చుట్టను కొంచెం కొంచెంగానే కోస్తుంది. కాబట్టి మెత్తని నూలుబట్టతో మధ్య నుండి అంచుకు తిన్నగా తుడవాలి. మా ప్రాంతంలో ఇంకొక జాగ్రత్త కూడా అవసరం. నల్లగొండ జిల్లా బోరునీళ్లు ఎలాంటివో లోకానికి తెలుసును. ఆ నీళ్లతో డిస్కు కడిగి ఆరబెడితే తెల్లని ఉప్పుమరక మిగులుతుంది, మందు కన్న రోగమే పెద్దదవుతుంది. కాచి చల్లార్చిన నీళ్లు కూడా చాలవు; ఉప్పు కాచినా పోదు. బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటరు వాడాలి.

చూపు విషయంలో మరొక గుర్తు. "వీసీడీలన్నీ ఆడుతున్నాయి, డీవీడీలు ఒక్కటీ ఆడటం లేదు" అని కొందరు అంటారు. ఇది డిస్కు తప్పు కాదు. సీడీని చదివే కిరణం 780 నానోమీటర్లది, డీవీడీని చదివేది 650 నానోమీటర్లది. డీవీడీలో చుట్టల మధ్య ఎడం సీడీలో ఉన్నదానిలో సగం కన్న తక్కువ. ఒకే కంట్లో రెండు చూపులన్నమాట. ఎక్కువ ఇళ్లలో ఒక చూపు మందగించి రెండవది నిలిచి ఉంటుంది. లెన్సు మీది దుమ్ము తీస్తే కొన్ని కుదురుకుంటాయి. కిరణమే క్షీణించినప్పుడు ఆ భాగం మార్చడం తప్ప మార్గం లేదు.

ఇక భాష సంగతి. మన ఇళ్లలోకి సినిమాను బిళ్ల రూపంలో ముందు తెచ్చింది డీవీడీ కాదు, వీసీడీ. 1993లో రూపొందిన ఆ పద్ధతిలో బొమ్మను ఎంపెగ్-1 అనే లెక్కతో కుదించి, పాటల సీడీ వంటి సీడీ మీదనే రాశారు. 74 నిమిషాలు పట్టే బిళ్లలో తెలుగు సినిమా ఇమడదు. మన సినిమా రెండున్నర గంటలకు తగ్గితే ప్రేక్షకుడు డబ్బులు రాలేదనుకొనే కాలం అది! కాబట్టి రెండు బిళ్లలు. 1957 నాటి మాయాబజారు నిడివి 184 నిమిషాలు. ఎంత ఇరికించినా ఒక్కో బిళ్లకు 80 నిమిషాలే గనుక దానికి మూడు బిళ్లలు కావాలి. కథ మంచి పట్టులో ఉండగా లేచి సీడీ మార్చిన అనుభవం ఆ తరంలో లేనివారు అరుదు.

డీవీడీ 1996 నవంబరులో జపానులో, 1997లో అమెరికాలో విడుదలైంది. ఒక పొర ఉంటే 4.7 గిగాబైట్లు, ఒకే వైపు రెండు పొరలు ఉంటే 8.5. నిడివైన సినిమాలకు రెండు పొరలు వాడతారు. మొదటి పొర చదవడం అయిపోగానే కిరణం రెండవ పొర మీదికి దృష్టి మార్చుకోవాలి. సినిమా సరిగ్గా నడుమకు వచ్చి, ప్రతిసారీ అదే చోట ఆగిపోతున్నదంటే అనుమానించవలసింది ఈ పొర మార్పునే. డిస్కు మీద గీత కనబడకపోవడం చూసి జనం ఆశ్చర్యపోతారు గాని, అది బలహీనపడిన కన్ను పొరమారలేక పడే తడబాటు.

2000 తరువాత కంప్యూటర్లతో రాసిన డిస్కులు వచ్చాయి. ఒకే బిళ్లలో నాలుగైదు సినిమాలు ఎక్కించి బజార్లలో అమ్మినవి కొన్ని, పెళ్లి వీడియోలు కొన్ని. వీటిలో డివ్ఎక్స్ వంటి కొత్త కుదింపులు వాడారు. పాత ప్లేయరుకు ఆ భాష రాదు. దానికి అది "బ్యాడ్ డిస్క్". డిస్కు చెడ్డది కాదు, పాఠకుడు పాతవాడు. తెలుగు చదవగలిగినవాడి చేతిలో కన్నడ పుస్తకం పెట్టినట్లు: అక్షరాలు తెలిసినట్లే ఉంటాయి, అర్థం మాత్రం అందదు. ఇంట్లో రాసుకొన్న డిస్కులకు చివర "ఫైనలైజ్" అనే ఒక ముగింపు కూడా చేయాలి. అది చేయని డిస్కు విషయసూచిక లేని గ్రంథం. రాసిన యంత్రం చదువుకొంటుంది గాని ఇతర యంత్రాలు ఖాళీ బిళ్ల అనుకొంటాయి.

భాషాభేదంలో అన్నిటికన్న పాతది ప్యాల్, ఎన్‌టీఎస్‌సీ భేదం. అమెరికాలో కరెంటు సెకనుకు 60 సార్లు ఊగుతుంది, మన దేశంలో 50 సార్లు. టీవీ పుట్టిననాడు బొమ్మల వేగాన్ని కరెంటు ఊపుతో జతచేశారు. అందుకే అమెరికా, జపానులకు 525 గీతల బొమ్మ, సెకనుకు ఇంచుమించు 30. మనకు 625 గీతలు, సెకనుకు 25. మన పాలమూరు పల్లెలకు టీవీ అన్న మాట చేరిందే ఈ 625 గీతల బొమ్మతో. 1975 ఆగస్టు 1 నుండి 1976 జులై 31 వరకు ఏటీఎస్-6 అనే అమెరికా ఉపగ్రహం ద్వారా మన దేశం ఆరు రాష్ట్రాలలో 2400 గ్రామాలకు బోధనా కార్యక్రమాలను ప్రసారం చేసింది. సైట్ అని దాని పేరు. ఆంధ్రప్రదేశ్‌లో ఎంపికైన ప్రాంతాలలో మహబూబ్‌నగర్ జిల్లా ఒకటి. కోళ్లగూటికి కట్టే జాలీ వంటి తీగవలతో చేసిన పది అడుగుల గొడుగు, ఊరందరికీ ఒకే పెట్టె. ఉపగ్రహం అమెరికాది, పెట్టె మనది, మాట తెలుగు. రెండు దేశాల యంత్రాలు కలిసి పనిచేయడం అసాధ్యమేమీ కాదని చెప్పడానికి ఇదొక్క ఉదాహరణ చాలు.

1982లో రంగులు వచ్చినప్పుడు మనం ప్యాల్ పద్ధతిని తీసుకొన్నాము. పాత ప్యాల్ టీవీకి ఎన్‌టీఎస్‌సీ డిస్కు చూపిస్తే రంగు పోయి నలుపు-తెలుపు అవుతుంది, లేదా బొమ్మ పైకి దొర్లుతూ ఉంటుంది. ఇది తాళం కాదు, ఉచ్చారణ భేదం. ప్లేయరు సెటప్‌లో టీవీ రకాన్ని "మల్టీ" నుండి "ప్యాల్"కు మారిస్తే చాలావరకు సర్దుకుంటుంది.

సంగీతప్రియులకు ఇందులో ఒక చమత్కారం ఉన్నది. సినిమా రీలు సెకనుకు 24 బొమ్మలు. దాన్ని ప్యాల్‌కు ఎక్కించేటప్పుడు సులువుగా ఉంటుందని 25 చొప్పున నడిపిస్తారు. అంటే నాలుగు శాతం వేగం పెరుగుతుంది. మాయాబజారు 184 నిమిషాల నుండి 177కు తగ్గుతుంది. విడిగా సరిచేయకపోతే గొంతు కూడా అర్ధస్వరానికి కాస్త తక్కువగా పైకి పోతుంది. అమెరికా పద్ధతిలో బొమ్మలను మూడు, రెండు చొప్పున మార్చి మార్చి చూపి వేగం కాపాడతారు. ఘంటసాలవారి పద్యం ఒక డిస్కులో ఒక శ్రుతిలో, మరొక డిస్కులో ఇంకొక శ్రుతిలో వినబడిందని ఎవరైనా అంటే వారి చెవిని తప్పుపట్టకండి.

ఇప్పుడు మూడవది, గుమ్మం దగ్గర ఆపివేయడం. డీవీడీని రూపొందించినప్పుడు అమెరికా చిత్రనిర్మాణ సంస్థలు ఒక షరతు పెట్టాయి. వారి సినిమా ముందు అమెరికా థియేటర్లలో, కొన్ని నెలల తరువాత ఇతర దేశాలలో విడుదలయ్యేది. ఈలోగా అమెరికాలో డిస్కు వచ్చేస్తే, అది విమానమెక్కి సినిమాకన్న ముందే ఇతర దేశాలకు చేరుతుంది. పైగా ఒక్కో దేశంలో ఒక్కో ధర పెట్టుకొనే వీలు పోతుంది. అందుకని ప్రపంచాన్ని ఆరు భాగాలు చేశారు. అమెరికా, కెనడా మొదటిది. జపాను, పశ్చిమ ఐరోపా, గల్ఫ్ దేశాలు రెండవది. ఆగ్నేయాసియా, కొరియా మూడవది. ఆస్ట్రేలియా, దక్షిణ అమెరికా నాలుగవది. భారతదేశం, పాకిస్తాను, రష్యా, ఆఫ్రికాలో అధికభాగం ఐదవది. చైనా ఆరవది. విమానాలు, ఓడల కోసం ఎనిమిదవ సంఖ్య విడిగా పెట్టారు. డిస్కులో ఎనిమిది చిన్న గుర్తులు ఉంటాయి, ఒక్కో ప్రాంతానికి ఒకటి. ప్లేయరు సినిమాకంటె ముందు ఆ గుర్తును చూస్తుంది. తన ప్రాంతానికి అనుమతి ఉంటే ఆడుతుంది, లేకుంటే "రాంగ్ రీజియన్" అంటుంది.

మన పటంలో మన పక్కన ఎవరున్నారో చూడండి. రష్యాతో, నైజీరియాతో మనల్ని ఒక గదిలో పెట్టారు. మన వాళ్లు లక్షలాదిగా ఉన్న దుబాయిని వేరే గదిలో, అమెరికాను ఇంకో గదిలో పెట్టారు. ఈ గీతలు భాషను బట్టి గీసినవి కావు, బంధుత్వాన్ని బట్టి గీసినవి అసలే కావు. బేరాన్ని బట్టి గీసినవి.

అయితే ఇది పరదేశీయుల కనిపెట్టు మాత్రమే అనుకోవడం న్యాయం కాదు. మన తెలుగు సినిమా వ్యాపారంలో నైజాం, సీడెడ్, ఆంధ్ర అనే విభజన ఈనాటికీ నడుస్తున్నది. నిజాం రాజ్యం 1948లో ముగిసింది. సినిమా లెక్కల్లో మాత్రం నల్లగొండ, పాలమూరు ఇంకా "నైజాం"లోనే ఉన్నాయి. నిజాం 1800లో ఈస్టిండియా కంపెనీకి దత్తం చేసిన సీమ కనుక రాయలసీమ "సీడెడ్" అయింది. రెండు శతాబ్దాల నాటి ఒడంబడిక ఒకటి సినిమా పోస్టర్ల వ్యాపారంలో బతికి ఉండటం చరిత్ర విద్యార్థికి ముచ్చటగానే ఉంటుంది. నైజాం హక్కులు కొన్నవాడు సీడెడ్‌లో ఆడించుకోరాదు. కాని తేడా గమనించాలి. ఆ కట్టడి వ్యాపారికి, వ్యాపారికి మధ్య. నల్లగొండలో ఉన్న మనిషి కర్నూలు పోయి టిక్కెట్టు కొనుక్కొని చూస్తే ఎవరూ అడ్డు చెప్పరు. రీజియన్ కోడు అలా కాదు. డబ్బిచ్చి కొన్న మనిషి ఇంట్లోకి, అతని పెట్టెలోకి వచ్చి కూర్చుంటుంది.

దీనికి సరైన పోలిక మా పెద్దల కాలంలో ఉన్నది. నిజాం రాజ్యానికి వేరే నాణెం: హాలీ సిక్కా. బ్రిటిషు రూపాయిని కల్దారు అనేవారు. తపాలా బిళ్లలు వేరు. సరుకు మీద పన్ను వసూలు చేయడానికి కరోడ్గిరి అనే సుంకాల శాఖ వేరు. నల్లగొండ జిల్లా నడుమ మునగాల పరగణా ఉన్నది. చుట్టూ నిజాం నేల, ఆ పరగణా మాత్రం బ్రిటిషువారి మద్రాసు రాజధానిలో కృష్ణా జిల్లాకు చెందినది. అది నల్లగొండ జిల్లాలో కలిసింది 1959లో. ఒకే తెలుగు, ఒకే వాన, ఒకే జొన్న. కాని ఊరు దాటితే సర్కారు మారుతుంది, నాణెం మారుతుంది. అవి మన రీజియన్ కోడులు. అయినా ఆ సరిహద్దును దాటినవి అక్షరాలే. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం పుట్టినప్పుడు దాని వెనుక నిలిచినవారిలో మునగాల రాజా నాయని వేంకట రంగారావు, ఆయన దివాను కొమర్రాజు లక్ష్మణరావు ఉన్నారు. అటు సర్కారులోని వాళ్లు ఇటు సర్కారులో గ్రంథాలయం నిలిపారు. పుస్తకానికి తాళం వేసే ఉపాయం ఆనాడు ఎవరికీ తట్టలేదు గనుక అది సాధ్యమైంది.

తాళం ఎలా పనిచేస్తుందో నాకు స్వయంగా తెలిసింది 2005లో. అమెరికాలో ఉండే మా తమ్ముడు సెలవులకు వస్తూ అటెన్‌బరో తీసిన "గాంధీ" డీవీడీ తెచ్చాడు. ఆ సినిమా ఈ గడ్డ మీద తీసినది. నిర్మాణంలో మన జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థకు భాగం ఉన్నది. తొలి ప్రదర్శన 1982 నవంబరు 30న ఢిల్లీలోనే జరిగింది. ఆ డిస్కు నల్లగొండలో మా ప్లేయరులో పెడితే "రాంగ్ రీజియన్" అన్నది. గాంధీకి భారతదేశం తప్పుడు ప్రాంతమట!

గడియారం సెంటరు దగ్గర టీవీలు బాగుచేసే ఒక అబ్బాయి మా బడిలో చదువుకొన్నవాడు. అతని దగ్గరకు రెండూ తీసుకొని వెళ్లాను. డిస్కును వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసి, "డిస్కు మంచిగనే ఉన్నది సార్. మిషినే ఒద్దంటున్నది" అన్నాడు.

"ఎందుకొద్దంటది నాయనా?"

"అమెరికా డిస్కు సార్ ఇది. ఇక్కడ ఆడొద్దని లోపల రాసి పెట్టిన్రు."

"కొన్నది మనమే కదా?"

"కొన్నది మీరే గని, తాళం వాళ్లదే సార్" అని నవ్వి, ట్రే తెరిచి రిమోటుతో ఏవో అంకెలు నొక్కాడు. ప్లేయరు తయారుచేసినవారే లోపల దాచి ఉంచిన పట్టిక ఒకటి తెర మీదికి వచ్చింది. ఐదు తీసి సున్నా పెట్టాడు. ఆ కాలపు చవక ప్లేయర్లలో చాలావాటికి ఇటువంటి దొడ్డిదారి ఉండేది. తాళం వేయమన్నవారి మాట కాదనలేక వేసి, తాళంచెవి గడప కింద పెట్టిన పద్ధతి అది.

ఇంటికి వచ్చి పెడితే బొమ్మ దొర్లింది. అది ఎన్‌టీఎస్‌సీ సంగతి. సెటప్‌లో మార్చితే కుదిరింది. తరువాత 191 నిమిషాల సినిమా సగానికి వచ్చి ఆగింది. అది పొర మార్పు. లెన్సు తుడిపిస్తే దాటింది. ఈ విధంగా పైన చెప్పిన మూడు కారణాలూ ఒకే డిస్కులో దర్శనమిచ్చాయి. భాషకు, చూపుకు వైద్యం చేయడానికి ఎవరి అనుమతీ అక్కరలేకపోయింది. తాళానికి మాత్రం రహస్య సంఖ్య కావలసి వచ్చింది.

మరి మన తెలుగు సినిమాల డిస్కులు? వాటిలో చాలావాటి మీద భూగోళం బొమ్మలో "ఆల్" లేదా సున్నా ఉండేది. డీవీడీలను తరచు ఎన్‌టీఎస్‌సీలోనే వేసేవారు. కారణం వ్యాపారమే. తెలుగు డిస్కు కొనేవాడు డల్లాసులో ఉండవచ్చు, దుబాయిలో ఉండవచ్చు, మెల్‌బోర్నులో ఉండవచ్చు, దేవరకొండలో ఉండవచ్చు. నాలుగు ప్రాంతాలకు నాలుగు తాళాలు వేస్తే నష్టం అమ్మేవాడికే. మన ప్లేయర్లకు ఎన్‌టీఎస్‌సీ ఎలాగూ వచ్చును, అమెరికా ప్లేయర్లకు ప్యాల్ రాదు. కాబట్టి రెండు చోట్లా చెల్లే భాషలో వేశారు. చెదిరిపోయిన జాతికి సరిహద్దులు గిట్టుబాటు కావు. తాళం ప్రకృతినియమం కాదు, ఒక ఎంపిక మాత్రమే అనడానికి మన డిస్కులే సాక్ష్యం. 2007 ప్రాంతంలో మోజర్ బేర్ సంస్థ వీసీడీ 28 రూపాయలకు, డీవీడీ 34 రూపాయలకు అమ్మినప్పుడు మా జిల్లా బస్టాండులలో కూడా అసలు డిస్కులు దొరికాయి. ఆ సంస్థ కూడా 2018లో మూతపడే తీర్పుకు చేరింది.

తాళాన్ని పగలగొట్టిన కథ కూడా చరిత్రలో నమోదైంది. డీవీడీలోని రహస్య లిపిని విప్పే చిన్న ప్రోగ్రాము 1999లో బయటికి వచ్చింది. దాని వెనుక ఉన్నవారిలో నార్వేకు చెందిన యోన్ యోహాన్సెన్ అనే బాలుడు ఒకడు, వయసు పదిహేను. అతని మీద కేసు నడిచింది. 2003 జనవరిలో ఆస్లో న్యాయస్థానం నిర్దోషి అన్నది, అదే ఏడాది డిసెంబరులో పైకోర్టు కూడా ఆ తీర్పునే నిలిపింది. తాను కొన్న డిస్కును తాను చూడటం నేరం కాదన్నది దాని సారం. మన దేశంలో 2012 సవరణతో కాపీరైటు చట్టానికి 65ఏ సెక్షను చేరింది. హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో రక్షణ తాళాన్ని ఛేదిస్తే శిక్ష ఉన్నది. ఇక్కడ ఉద్దేశం అన్న మాట ముఖ్యం.

ఆ తరువాత తాళం క్రమంగా సడలింది. 2006లో వచ్చిన బ్లూరే ప్రపంచాన్ని ఆరు కాక మూడు భాగాలే చేసింది. దాని తరువాతి అల్ట్రా హెచ్‌డీ బ్లూరేలో ప్రాంతభేదమే లేదు. గెలిచామనుకొనేలోగా డిస్కే వెనుకబడింది. ఇప్పుడు సినిమా తీగ మీద వస్తున్నది. "మీ ప్రాంతంలో ఈ చిత్రం అందుబాటులో లేదు" అని తెర చెబుతున్నది. పాత తాళానికి కనీసం గడప కింద తాళంచెవి ఉండేది. ఇప్పుడు తలుపే మన ఇంట్లో లేదు.

తొలినాటి తెలుగు బ్లాగర్లకు ఈ బాధ వేరే రూపంలో తెలుసు. యూనికోడు వ్యాపించకముందు ఒక్కో పత్రికకు ఒక్కో ఖతి. ఖతి దించుకోకపోతే తెలుగు వార్త స్థానంలో డబ్బాలు, వింత గుర్తులు కనబడేవి. అక్షరం చెడలేదు, కన్ను చెడలేదు, భాష మనదే; అయినా చదవలేము. 1991 నాటి మొదటి యూనికోడు ప్రమాణంలోనే తెలుగుకు చోటు దొరికినా, అది మన తెరల మీదికి రావడానికి పదేళ్లు దాటింది. ఆ పాత ఖతులలో ఇరుక్కొన్న తెలుగును విడిపించడానికి "పద్మ" వంటి పనిముట్లు చేసిన ఔత్సాహికులను మనం మరువరాదు. యూనికోడు మన "ఆల్ రీజియన్" డిస్కు. ఈ టపాను మీరు ఏ దేశంలో ఏ యంత్రం మీద చదువుతున్నారో నాకు తెలియదు. తెలియవలసిన అవసరం లేకపోవడమే దాని ఘనత.

ఇదంతా గడిచిపోయిన వేడుక అయితే ఇంత రాయనక్కరలేదు. మా ఇంట్లో ఒక డిస్కు ఉన్నది. 2006లో ఒక కుటుంబ శుభకార్యంలో మా నాన్నగారు గజేంద్రమోక్షం పద్యాలు చదివారు. పెళ్లిళ్ల వీడియోలు తీసే ఒకాయన రాసి ఇచ్చిన డిస్కు అది. ఆయన గొంతు మాకు మిగిలింది అందులోనే. కొన్నేళ్లు ఒక ప్లేయరులో ఆడింది. ఆ ప్లేయరు పోయాక కొన్న ఏ ప్లేయరూ దాన్ని గుర్తించలేదు. "నో డిస్క్" అన్నవి. చూపు దోషం కాదు, తాళం కాదు. ముగింపు చేయని డిస్కు. మా పెద్దబ్బాయి స్నేహితుడు కంప్యూటరు డ్రైవులో పెట్టి, సూచికను పట్టించుకోకుండా ఉన్న సమాచారాన్ని ఉన్నట్లు చదివే సాఫ్టువేరుతో ఒక రాత్రంతా కూర్చొని పైకి తీశాడు. నలభై నిమిషాలలో ముప్పై ఒకటి వచ్చాయి. రంగు పొర చెడిన చివరి తొమ్మిది నిమిషాలు రాలేదు. రెండేళ్ల క్రితమే తీసి ఉంటే అవీ వచ్చేవన్నాడు.

పెద్ద స్థాయిలోనూ ఇదే కథ. తొలి తెలుగు టాకీ "భక్త ప్రహ్లాద" 1932 ఫిబ్రవరి 6న విడుదలైంది. దాని ప్రతి ఈనాడు లేదు. దానికి ఎవరూ తాళం వేయలేదు. సమయానికి ఎవరూ నకలు తీయలేదు, అంతే. ప్రపంచంలో చివరి వీసీఆర్ 2016లో తయారైంది. ఇళ్లలో రాసుకొనే బ్లూరే బిళ్లల తయారీని సోనీ 2025 ఫిబ్రవరిలో ఆపివేసింది. డిస్కు మిగిలి చదివే కన్ను లేని రోజు దూరంలో లేదు.

కాబట్టి మిత్రులకు మనవి. అటక మీది సీడీ పెట్టె దింపండి. ఆడని డిస్కును పారవేయకముందు మూడు ప్రశ్నలు వేయండి. కనబడటం లేదా? అయితే మధ్య నుండి అంచుకు తుడవండి, మరో ప్లేయరులో పెట్టి చూడండి. కనబడుతున్నది గాని అర్థం కావడం లేదా? అయితే కంప్యూటరులో పెట్టండి, దానికి వచ్చినన్ని భాషలు ప్లేయరుకు రావు. ఒద్దంటున్నదా? అయితే డిస్కు బాగున్నదన్నమాట, నిశ్చింతగా దాచుకోండి. ఇక కొనడానికి ఎక్కడా దొరకనివి, మీ ఇంట్లో తప్ప మరెక్కడా లేనివి, అంటే పెళ్లిళ్లు, బడి వార్షికోత్సవాలు, పెద్దవాళ్ల గొంతులు, వీటిని మాత్రం ఈ నెలలోనే రెండు చోట్లకు నకలు తీయండి. సినిమాకు తాళం వేసినవాడు తన దగ్గర ఒక ప్రతి ఉంచుకొంటాడు. మన ఇంటి డిస్కుకు ఇంకో ప్రతి ఎవరి దగ్గరా ఉండదు.